ముసలమ్మ తల్లికి పెట్టిన గడువు

ఆ ఊరి పెద్దలకి తెలివి లేదని అనడానికి వీల్లేదు. తమకి చేతకాని పనిని, చేయడం ఇష్టంలేని పనిని పట్టుకెళ్ళి దేవుడి నెత్తిన రుద్దడంలో వాళ్ళని మించినవాళ్ళు పాలకొల్లు చుట్టుపక్కల ఇంకెక్కడా లేరని సూర్యకళ నమ్మకం. మొగుడు పోయిన దగ్గర్నుంచి ఆమెకి మనుషుల మీద మర్యాద నిలవడం లేదు. ఎదురుపడితే "ఏమండీ, బాగున్నారా" అంటుంది. లోపల మాత్రం ఆ మనిషిని తలనుంచి కాలిదాకా ఒకసారి చూసి, వీడొకడు, అనుకుంటుంది.

అబ్బులు పోయింది శ్రావణమాసం ముసురులో. తెల్లవారుతుండగా పార భుజాన వేసుకుని, వానకి ఖాళీ యూరియా సంచి తలమీద కప్పుకుని, చేలో ఎక్కువైన నీళ్ళు బోదె కాలవలోకి వదలడానికి వెళ్ళాడు. అతని పొలం చెక్క పక్కనే భీమరాజు గారి రొయ్యల చెరువు. చెరువులో నీటిని చిలికే ఏరియేటర్లకి కరెంటు తీగ స్తంభాల మీదుగా రావాలి. స్తంభాలు పాతించడానికి రాజుగారికి తీరిక లేకపోయింది. తీగని గట్టు మీద గడ్డిలోంచే లాగించారు. అబ్బులు కాలు దానిమీద పడింది. పార చేతిలో ఉండగానే ప్రాణం పోయింది.

పోలీసులు వచ్చేసరికి ఆ తీగ బుద్ధిగా స్తంభమెక్కి కూర్చుంది. స్తంభాలు ఎప్పుడు మొలిచాయని ఎవరూ అడగలేదు. పైగా రాజుగారు, పాపం, చాలా బాధపడుతూ, అబ్బులు రొయ్యలు ఎత్తుకుపోదామని సంచి పట్టుకొచ్చి స్విచ్చి బోర్డు మీద చెయ్యి వేశాడని చెప్పారు. సాక్ష్యం ఆ యూరియా సంచి. పారతో రొయ్యలు పడతారా అండీ అని సూర్యకళ అడిగింది. ఆడవాళ్ళు ఇలాంటివాటిలో మాట్లాడకూడదమ్మా అన్నారు పెద్దలు.

ఆమెకి కావలసింది పరిహారం కాదు. అది ఇస్తామని కబురొస్తే ఆ వచ్చినవాణ్ణి వాకిట్లోంచే పంపేసింది. అబ్బులు దొంగ కాదని రాజుగారు తన నోటితో నలుగురిలో ఒక్క మాట అనాలి. అనకపోతే పై అధికారుల దాకా వెళ్తానంది. అప్పుడు లేచింది ఊరికి భక్తి.

ముందుగా లేచినవాడు గణేష్‌బాబు. అబ్బులుకి వరసకి బాబాయి, ఊళ్ళో ఏ తగువైనా ఆయన అరుగు మీదే తేలాలి. కోర్టులకెక్కితే తీర్పు వినడానికి మనం ఎవరమూ ఉండమనీ, పుంతలో గ్రామదేవత ముసలమ్మ తల్లి ఉండగా ప్లీడర్లు ఎందుకనీ ఆయన సెలవిచ్చాడు. ఆ ఊళ్ళో అదొక ఆచారం. ఎవరిది నిజమో తేలనప్పుడు, నింద పడ్డవాడు తలారా స్నానం చేసి, తడిబట్టలతో తల్లి ముందు నిలబడి, అరచేతిలో కర్పూరం వెలిగించుకుని ప్రమాణం చేయాలి. అబద్ధమైతే మూడు పున్నములు తిరిగేలోగా తల్లి వాణ్ణి తీసుకుపోతుంది. తిరిగాక మనిషి నిక్షేపంలా ఉంటే చెప్పింది నిజం. ఆపైన ఎవరూ నోరెత్తకూడదు.

సూర్యకళ వద్దంది. అత్త పాపాయి ఒప్పుకోమంది. కొడుకు పోయినప్పట్నుంచి ముద్ద సరిగ్గా ముట్టని ముసలిది, ముసలమ్మ తల్లి పేరు వినగానే లేచి కూర్చుంది. "పోలీసోళ్ళని కొంటారే. తల్లిని ఎవడు కొంటాడు?" అంది. ఆ మొహం చూసి సూర్యకళ సరేనంది. అంత బుద్ధితక్కువ పని తను జన్మలో చేయలేదని తర్వాత వందసార్లు అనుకుంది.

భీమరాజు గారు ప్రమాణం బ్రహ్మాండంగా చేశారు. తడిపంచె, నుదుట కుంకం, అరచేతిలో కర్పూరం. అబ్బులు నా చెరువులో రొయ్యల కోసమే వచ్చాడు, తీగ నేలమీద లేదు, ఇది అబద్ధమైతే తల్లి నన్ను తీసుకుపోవాలి, అన్నారు. గొంతు ఎక్కడా వణకలేదు. కర్పూరం బిళ్ళ కూడా చాలా చిన్నది. పాపాయి కోడలి చెవిలో, ఇక వీడి పని అయిపోయిందే, అంది.

ఇంక ఎదురుచూపు. మొదటి పున్నానికి రాజుగారికి పడిశం పట్టింది. పాపాయి గుడికెళ్ళి కొబ్బరికాయ కొట్టి వచ్చింది. రెండు రోజులు మాత్రలు మింగి రాజుగారు లేచి తిరిగారు. తల్లి మహిమ పడిశం దాకానే ఉన్నట్టుంది, మాత్రకే పారిపోయింది, అని సూర్యకళ పొయ్యి దగ్గర గొణుక్కుంది. రెండో పున్నానికి చెరువు పట్టుబడి పట్టారు. రొయ్య నిగనిగలాడుతూ మంచి సైజు వచ్చింది. ఆ వారమే ఇంటికి కొత్త కారు వచ్చింది. దాన్ని తెచ్చి ఆ ముసలమ్మ తల్లి గుడి ముందే ఆపి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. తీసుకుపోవాల్సిన మనిషి కళ్ళెదుట నిలబడి హారతి అద్దుకుంటుంటే తల్లి రాయిలా చూస్తూ ఊరుకుంది.

సూర్యకళ ఊరుకోలేకపోయింది. కార్తీకమాసంలో నిడదవోలు నుంచి జానకిరామ్ గారని ఒక పెద్దమనిషి ప్రవచనాలకి వచ్చారు. రిటైరైన లెక్చరరు, మెత్తటి గొంతు, మెడలో మెత్తటి కండువా. ప్రవచనం అయ్యాక అందరూ కాళ్ళకి దండం పెడుతుంటే ఈమె నిలబడి అడిగింది, దేవుడు సర్వశక్తిమంతుడైతే ఇలా ఎందుకు జరగనిస్తాడండీ అని.

"శక్తి లేక కాదు తల్లీ. జీవుడి కర్మలో ఆయన జోక్యం చేసుకోడు," అన్నారాయన.

"చేసుకోలేడా, చేసుకోడా అండి?"

ఆయన కండువా సర్దుకున్నారు. చేసుకోడు, అన్నారు. అంటే మా ఆయన కాలు తీగ మీద పడుతుంటే చూస్తూ నిలబడ్డాడా అని అడిగితే, అది పూర్వజన్మ ఫలం అన్నారు. మరి తీగ పరిచినవాడి ఫలం ఏదండీ అంటే, అది వచ్చే జన్మలో అనుభవిస్తాడన్నారు. సూర్యకళకి నవ్వొచ్చింది. ఎంత దిక్కుమాలిన ఆఫీసులో గుమాస్తా అయినా రేపు రమ్మంటాడు గాని వచ్చే జన్మలో రమ్మనడు. వీధి చివర యెహెజ్కేలు పాస్టరుగారు ఓదార్చడానికి వచ్చినప్పుడు ఆయన దారి ఇంకోలా ఉంది. దేవుడు తనవాళ్ళని పరీక్షిస్తాడమ్మా, అన్నారు. పరీక్ష నాకు పెట్టి రాజుగారిని ప్యాసు చేశాడా అండీ అని అడిగితే, ప్రార్థన చేసుకుందాం అన్నారు. ఆయన మంచివాడు కాబట్టి టీ ఇచ్చి పంపింది.

ఒకటి మాత్రం ఆమెకి అర్థమైంది. ఇక్కడున్నవి మూడే మాటలు. తల్లికి చేతకాదు అనాలి, లేదా చేతనై కూడా చేయదు అనాలి, లేదా భీమరాజు చెప్పింది నిజం అనాలి. మొదటి రెండూ అంటే తల్లికి కోపం వస్తుందని భయం. మూడోది అంటే చచ్చిన అబ్బులు వచ్చి ఎవరి పీకా పట్టుకోడు. అందుకని ఊరు ఊరంతా మూడోదాన్ని హాయిగా ఎంచుకుంది. మొదట గుసగుసలు, తర్వాత కాఫీ హోటల్లో బాహాటంగా, పాపం అబ్బులు అలాంటివాడని అనుకోలేదు సుమా, అనడం మొదలుపెట్టారు. నిన్నటిదాకా అతని చేత పనులు చేయించుకున్నవాళ్ళే. థూ అనిపించింది సూర్యకళకి.

ఊరు అనుకుంటే అనుకోనీ. మూడో పున్నం వెళ్ళిన మర్నాడు పొద్దున్న అబ్బులు ఫోటో ముందు దీపం లేదు. నూనె అయిపోయిందేమో అనుకుంది. నూనె ఉంది. పాపాయి గోడకి ఆనుకుని కూర్చుని ఉంది.

"తల్లి అబద్ధమాడదు కదే," అంది కోడలి మొహం చూడకుండా. "నీకు రొయ్యల పులుసంటే ఇష్టమని, నాలుగు తెద్దామనుకున్నాడేమో. పిచ్చి సన్నాసి."

తొమ్మిది నెలలు మోసి కన్న మనిషి చేత కొడుకుని దొంగ అనిపించారు. పోలీసులు చేయలేదు ఆ పని, రాజుగారి డబ్బూ చేయలేదు. ఏమీ చేయకుండా ఊరుకుని అమ్మవారు చేసింది. ఆ కోపంలో సూర్యకళ దీపం తనే వెలిగించి, గ్లాసుడు నీళ్ళు తాగి, గట్టిగా ఏడ్చింది. అత్తని ఒక్క మాట కూడా అనలేదు.

ఆ ఆదివారం భీమరాజు గారు గుడి దగ్గర సంతర్పణ పెట్టారు. తల్లి తన నిజాయితీ నిలబెట్టినందుకట. జానకిరామ్ గారిని కూడా పిలిపించారు. గణేష్‌బాబు సూర్యకళకి కబురు పంపాడు. రాజుగారంతటివాడి మీద నింద వేసినందుకు వచ్చి తల్లి కాళ్ళ మీద పడి, నలుగురిలో తప్పయిందని చెప్పుకుంటే దోషం పోతుందని. వస్తానంది. పాపాయి ముందే వెళ్ళి బంతిలో కూర్చుంది. దోషం పోవాలన్న భయం ఆ ముసలిదానికి అందరికన్నా ఎక్కువ.

వడ్డన జరుగుతుండగా సూర్యకళ వచ్చింది. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి, చీర ఒంటికి అంటుకుపోయి ఉంది. బుద్ధొచ్చినట్టుంది, పద్ధతిగా తడిబట్టలతో వచ్చింది, అని ఆడవాళ్ళు మెచ్చుకున్నారు. ఆమె తిన్నగా లోపలికి నడిచి, పూజారి పళ్ళెంలోంచి కర్పూరం తీసుకుంది. చిన్న బిళ్ళ కాదు, చేతికొచ్చినంత. అరచేతిలో పెట్టుకుని వెలిగించింది.

"భీమరాజు గారి రొయ్యల చెరువు మా ఆయన అబ్బులుది. మా తాత మావగారి నాటినుంచీ మాదే. రాజుగారు మా దగ్గర కౌలుకి చేస్తున్నారు. ఇది అబద్ధమైతే మూడు పున్నములు తిరిగేలోగా తల్లి నన్ను తీసుకుపోవాలి," అంది.

వడ్డించేవాళ్ళు గరిటెలు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. చెయ్యి కాలుతున్న వాసన వచ్చింది. ఆరేదాకా ఆమె చెయ్యి దించలేదు. ఇదేంటమ్మా, ఏం మాటలివి, అని గణేష్‌బాబు నోరు తెరిచాడు. ప్రమాణమండి చినమావగారూ, మీరు నేర్పిందే, అంది. మూడు పున్నములు నేను నిక్షేపంలా ఉంటే చెరువు నాకు రాయించే పూచీ మీదే, అంది. జానకిరామ్ గారు పప్పులో నెయ్యి కలుపుకోవడంలో పడ్డారు. ఆయనకి అప్పుడు కర్మ సిద్ధాంతమేదీ గుర్తు రాలేదు.

నిజానికి అక్కడున్న వాళ్ళందరికీ తెలుసు, ఈమె నిక్షేపంలా ఉంటుంది. ఎన్ని పున్నములు తిరిగినా ఆమెకి మహా అయితే పడిశం పడుతుంది. ఆ సంగతి అందరికన్నా బాగా తెలిసినవాడు భీమరాజు గారు. నెయ్యి గిన్నె పక్కన పెట్టి లేచారు. మొహం కందగడ్డ అయింది.

"పిచ్చెక్కిందా నీకు? గుళ్ళో నిలబడి చెయ్యి కాల్చుకుంటే అబద్ధం నిజమైపోద్దా?"

"అవదాండి?" అంది సూర్యకళ.

"ఎలా అవుద్ది? ఎవడు పడితే వాడొచ్చి కర్పూరం వెలిగించి ఏదో వాగితే, వాణ్ణి చంపడానికి అమ్మవారికి వేరే పనేం లేదా? ప్రమాణం చేసి బతికున్నంత మాత్రాన..."

అక్కడ ఆగారు. ఆగినా ప్రయోజనం లేకపోయింది. ఆ మాట అప్పటికే బంతులన్నీ దాటి వీధి దాకా వెళ్ళిపోయింది. గణేష్‌బాబు చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

బంతి చివరినుంచి పాపాయి లేచింది. ఆ ఊళ్ళో డెబ్భై ఏళ్ళు బతికి, భీమరాజు ముందూ, వాళ్ళ నాన్న ముందూ "ఆయ్, చిత్తమండి" తప్ప ఇంకో మాట ఎరగని మనిషి. అన్నం చేతితోనే నడిచి వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది. కళ్ళు ఆయన మొహం మీంచి కదల్లేదు.

"అయితే నా కొడుకు దొంగ కాదురా," అంది.

పాపాయి విస్తరి అలాగే వదిలేసి, కోడలి మణికట్టు పట్టుకుని, ఆ చేతిమీద నీళ్ళు పోయడానికి పంపు దగ్గరికి తీసుకెళ్ళింది.