పెట్టెలో గుడ్లు, దారిలో డబ్బు

వీధంతా కోడి మామయ్య అని పిలిచే ఆ పెద్దాయనకు రెండే విషయాల్లో పట్టింపు. ఒకటి, గుడ్లు పొదిగే కరెంటు పెట్టె మూతను చివరి మూడు రోజులూ ఎవరూ ముట్టుకోకూడదు. రెండు, కరెంటు బిల్లు గడువు తేదీనాడే కట్టాలి. ముందే కడితే ఆఫీసువాళ్లకు అలుసైపోతామని ఆయన గట్టి నమ్మకం. పాతికేళ్లుగా ఆఖరి రోజున కౌంటరు దగ్గర నిలబడి, రసీదు మీద ముద్ర పడిన చప్పుడు విన్నాకే నింపాదిగా ఇల్లు చేరేవాడు.

ఆ శుక్రవారమూ అలాగే వెళ్లాడు. కౌంటరుకు తాళం వేసి ఉంది. ఇకమీదట బిల్లులన్నీ ఫోనులోనే కట్టాలని తలుపు మీద కాగితం అంటించారు. ఉసూరుమంటూ తిరిగొస్తే, ఆయన భార్య కూరగాయలు తరుగుతున్నదల్లా చేతులు తుడుచుకుని, నాలుగు నొక్కులు నొక్కి పని కానిచ్చేసింది. ఖాతాలోంచి డబ్బు ఇట్టే పోయింది. వెనకే వచ్చిన మెసేజిని మామయ్య రెండుసార్లు చదివాడు. జమ కావడానికి మూడు పనిదినాలట. శని, ఆదివారాలు సెలవు. అంటే బుధవారం దాకా ఆ డబ్బు ఇక్కడా లేదు, అక్కడా లేదు.

"మరి ఎక్కడుంది?"

"దారిలో ఉందండీ," అంది ఆవిడ.

దారిలో దానికంత పనేమిటో ఆయనకు బోధపడలేదు. మోకాళ్ల నొప్పులతో తాను నడిచినా ఆఫీసు పావుగంట దూరమే.

బెంగ డబ్బు గురించి కాదు. పెట్టెలో నూట ఇరవై గుడ్లున్నాయి. ఒక్కోదాని మీద పెన్సిలుతో తేదీ రాసి, రోజూ తన చేత్తో తిప్పినవే. మంగళవారానికి పిల్లలు బయటికొచ్చే ఇరవయ్యొకటో రోజు. గడువులోగా డబ్బు జమకాని ఇళ్లకు సోమవారం ఫ్యూజు పీకేస్తారు. మళ్లీ పెట్టించుకోవడానికి ఒక రోజు పడుతుంది. ఆలోగా పెట్టె చల్లబడి, పిల్లలు లోపలే చచ్చిపోతాయి.

సోమవారం పొద్దున్నే లైన్‌మన్ నిచ్చెనతో రానే వచ్చాడు. ఫోనులో పోయిన డబ్బు సంగతి తనకు తెలియదనీ, జాబితాలో ఉన్న ఇంటికి ఫ్యూజు పీకకపోతే తన ఉద్యోగానికే ముప్పనీ బతిమాలుతున్నట్టే చెప్పాడు. మామయ్య వాదించలేదు. అతన్ని వెనక గదిలోకి తీసుకెళ్లి, పెట్టెకు చెవి ఆనించమన్నాడు.

లోపల సన్నగా కిచకిచలు. లైన్‌మన్ ముఖం విప్పారింది.

"ఇంకా పెంకు పగల్లేదు కదా మామయ్యా, అప్పుడే అరుస్తున్నాయేంటి?"

"వచ్చేముందు లోపల్నుంచే పలుకుతాయి. రేపటికి బయటుంటాయి. మధ్యలో మనం చెయ్యి పెడితే మాత్రం దక్కవు."

"ఆయన డబ్బూ అంతే నాయనా," అంది గుమ్మంలోంచి ఆవిడ. "బయల్దేరింది. చేరడానికి ఇంకో రెండ్రోజులు పడుతుంది."

లైన్‌మన్ నవ్వాపుకోలేక తల గోక్కున్నాడు. జాబితాలో నలభై ఇళ్లున్నాయి, మామయ్యది మొదటిది. ఎటునుంచి మొదలుపెట్టాలో పైవాళ్లెవరూ చెప్పలేదట. కిందినుంచి చేసుకొస్తే ఈ ఇంటికి వచ్చేసరికి బుధవారం సాయంత్రమవుతుందని లెక్కగట్టి, నిచ్చెన భుజానేసుకుని వెళ్లిపోయాడు.

మంగళవారం నూట తొమ్మిది పిల్లలు పెంకులు పగలగొట్టుకుని బయటపడ్డాయి. మామయ్య సంతోషం పట్టలేక వాటిని మూడుసార్లు లెక్కపెట్టాడు. బుధవారం మధ్యాహ్నం డబ్బు చేరినట్టు మెసేజి వచ్చింది. సాయంత్రం లైన్‌మన్ నిచ్చెన లేకుండా వచ్చాడు. పనేమీ లేదు, పిల్లల్ని చూసిపోదామని వచ్చానన్నాడు.

మరుసటి నెల బిల్లు వచ్చిన రోజే మామయ్య భార్యచేత కట్టించేశాడు. బిల్లు మీద పెన్సిలుతో తేదీ రాసి, పెట్టె పైన గోడకు అంటించాడు. మర్నాడు చేరిందో లేదో చూద్దామని ఆవిడ ఫోను తీయబోతే, చప్పున చెయ్యి పట్టుకుని ఆపాడు.

"మూడు రోజులూ ముట్టుకోకు," అన్నాడు.