జానెడు ఇంట్లో అత్తగారి మంచం

సాయంత్రం ల్యాబు నుంచి రాగానే, చెప్పులు విప్పకముందే కోడలు చేసే మొదటి పని ఆ బుల్లి ఇంటి మీద కప్పిన గుడ్డ తీసి సామాను సరిచూసుకోవడం. ఆ రోజు చూస్తే అలమర గోడకి ఆనుకుని లేదు. గోరంత ఎడంగా జరిగింది. పక్కనున్న ముక్కాలిపీట బోర్లా పడి ఉంది.

"మళ్ళీనా!" అంది పళ్ళు కొరుకుతూ.

పళ్ళ సంగతి ఆవిడకి కొత్త కాదు లెండి. కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పన్నెండేళ్ళుగా పనిచేస్తోంది. మైనం కరిగించి, పళ్ళు పేర్చి, చిగుళ్ళు పోసి, ఎంతమంది బోసినోళ్ళకో నవ్వు తొడిగిన చెయ్యి అది. ఆ చెయ్యే ఈ ఇంటినీ కట్టింది. ఆదివారం మారబోతున్న కొత్త ఫ్లాటుకి అచ్చంగా నకలు, అడుగుకి సెంటీమీటరు చొప్పున. మొత్తం కలిపి జానెడుకి కాస్త ఎక్కువ, పైకప్పు లేదు. ఏ సామాను ఎక్కడ పడుతుందో చూసుకుందామని మొదలెట్టింది. చేతి దురద ఊరుకుంటుందా? బొమ్మరిల్లయి కూర్చుంది. చిగుళ్ళకి వాడే గులాబీరంగు ప్లాస్టిక్కుతో స్నానాలగదిలో తొట్టి చేసింది, పళ్ళకి వాడే తెల్లదానితో ఫ్రిజ్. దవడపన్నంత ముక్కాలిపీట. పాత చొక్కా కఫ్ కత్తిరించి తివాచీ, చాక్లెట్ రేకుతో అద్దం, కిటికీలకి రిబ్బన్ తెరలు. పరుపులు మాత్రం మైనం. గోడకో గడియారం కూడా తగిలించింది, ముళ్ళు చూడాలంటే భూతద్దం కావాలి.

ఒట్టి ముచ్చటే అయితే గొడవే లేదు. అసలు తంటా హాల్లో కిటికీ దగ్గరుంది. పెళ్ళయిన ఈ పద్నాలుగేళ్ళూ, ఈ అద్దింట్లో చెంచా ఎక్కడుండాలన్నా అత్తగారి మాటే చెల్లింది. కోడలు ఇంటికి తెచ్చుకున్న పని వంటింటి గట్టు మీద, గుడ్డి దీపం కింద, నడుం పడిపోయేలా చేసుకునేది. కొత్తింట్లోనైనా హాలు కిటికీ కింద, పగటి వెలుతురులో తన పనిబల్ల వేసుకోవాలి. ఆవిడ కోరిందల్లా అంతే. అత్తగారేమో సరిగ్గా అక్కడే నా మంచం వెయ్యాలని భీష్మించుకుంది.

"లోపల మీకంటూ వేరే గది ఉందత్తయ్యా, హాయిగా తలుపేసుకోవచ్చు" అంటే, "నాకొద్దు, హాల్లోనే" అంటుంది. ఎందుకో చెప్పదు. చెప్పడానికేముంది, వచ్చేపోయేవాళ్ళ మీద కాపలా కాయడానికి! కోడలికి ఆ మాత్రం తెలీదా?

ఇద్దరి మధ్యా నలిగిపోయి చివరికి భర్త తీర్పు చెప్పాడు. "కట్టినావిడ ఆవిడే కాబట్టి ఆవిడ పెట్టినట్టే కానివ్వండి. ఆదివారం లారీ వచ్చేసరికి ఈ బొమ్మరింట్లో ఏది ఎక్కడుంటే అక్కడే దింపిస్తా. నా ప్రాణం తియ్యకండి."

కోడలు గెలిచింది. అత్తగారు మారుమాట్లాడలేదు. అదే కోడలికి మింగుడుపడలేదు. ఆవిడ అంత తేలిగ్గా వదిలే మనిషా? ఆ మర్నాటి నుంచే సామాను కదలడం మొదలైంది. అందుకే అలమర గోరంత జరిగినా కోడలి గుండెల్లో రాయి పడుతోంది.

"మీరేమైనా ముట్టుకున్నారా?" అని భర్తని నిలదీసింది.

"నేనా? నా బొటనవేలు పెడితే ఆ హాలు నిండిపోతుంది" అన్నాడాయన.

ఆయన పగలంతా ఆఫీసులో, తను ల్యాబులో. ఇంట్లో మిగిలేది ఒక్కరే. ఆ ఒక్కరూ ఏమీ ఎరగనట్టు సోఫాలో కూర్చుని టీవీ వింటున్నారు. కోడలు ఆవిడ మీద ఓ కన్నేసి ఉంచింది. ఉంచిన కొద్దీ అనుమానం పెరిగిందే గాని తగ్గలేదు. ఈమధ్య అత్తగారు చప్పుడు లేకుండా, గోడవారగా, పిల్లిలా నడుస్తోంది. పొద్దున్నే పేపరు పట్టుకునే మనిషి మడత కూడా విప్పడం లేదు. "కళ్ళజోడు నంబరు మారిందిలే, చూపించుకుంటా" అంటుంది. ఉన్నట్టుండి అడుగుతుంది, "కొత్తింట్లో స్నానాలగది తలుపు లోపలికి తెరుచుకుంటుందా, బయటికా?" ఈవిడకెందుకు ఆ వివరం? ఏదో పన్నాగం నడుస్తోంది.

బుధవారం బుల్లి మంచం పరుపు మీద వేలిముద్ర కనబడింది. మైనం కదా, గీతలతో సహా దిగింది. కోడలికి ఒళ్ళు మండిపోయింది.

"అలా ఉందా సంగతి!" అనుకుంది. ఊరుకుంటే నెత్తినెక్కుతారని తనూ ఓ ఎత్తు వేసింది. గురువారం పొద్దున లోపలి గదిలో మంచాన్ని ఈ గోడ నుంచి ఆ గోడకి మార్చింది. అలమరని తలుపు పక్కకి తెచ్చింది. ఆదివారానికి ఎలాగూ మళ్ళీ సర్దేస్తుంది. ఈలోగా ఆవిడ ఏం చేస్తుందో చూద్దామని.

ఆ రాత్రి భోజనాల దగ్గర అత్తగారు మొహం మాడ్చుకుని కూర్చుంది. "ఇల్లన్నాక ఒక తీరుండాలి. పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటే మనిషన్నవాడు ఎలా మసలుతాడు?" అంది, ఎవరినో అన్నట్టు.

కోడలు లోలోపల ఎగిరి గంతేసింది. గుడ్డ కింది ఇంట్లో మంచం మారిందని ఈవిడకెలా తెలిసిందట? దొరికింది దొంగ! కానీ మాటలతో పట్టుకుంటే లాభం లేదు, అత్తగారు నిలువునా బుకాయిస్తుంది. అడ్డంగా దొరకాలి.

ల్యాబులో నీలం కాగితం ఒకటుంటుంది. పైపన్ను కిందపన్నుకి ఎక్కడ తగులుతోందో చూడ్డానికి పళ్ళ మధ్య పెట్టి కొరికిస్తారు, తగిలినచోట నీలం అంటుకుంటుంది. శనివారం పొద్దున కోడలు ఆ కాగితాన్ని బొమ్మరింట్లో అలమరకీ, మంచం కోళ్ళకీ, పనిబల్ల అంచులకీ, తలుపు చట్రాలకీ శుభ్రంగా రుద్దింది. గుడ్డ కప్పేసి, ఏమీ ఎరగనట్టు పనికి వెళ్ళింది.

మధ్యాహ్నానికే తిరిగొచ్చింది. భర్త లారీ మాట్లాడ్డానికి వెళ్ళాడు. అత్తగారు వంటింట్లోంచి టీకప్పు పట్టుకుని వస్తోంది.

కోడలు చూసింది. పది వేళ్ళూ నీలం! చెంప మీద నీలం, ముక్కు కొన మీద నీలం, నెరిసిన పాపిట పక్కన ఓ చార. ఎంత ధైర్యం! కనీసం చెయ్యయినా కడుక్కోకుండా, తెచ్చి మొహం మీదే టీ ఇస్తోందే! అనాల్సిన మాటలు నాలుక చివరిదాకా వచ్చాయి.

అప్పుడే కళ్ళజోడు కనబడింది. కుడి అద్దానికి సరిగ్గా నడిమధ్య బొటనవేలంత నీలం మచ్చ. ఆ మచ్చలోంచే అత్తగారు చూస్తోంది. తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేదు.

కోడలు చప్పుడు చెయ్యకుండా రెండడుగులు పక్కకి జరిగింది. టీకప్పు పట్టుకున్న చెయ్యి మాత్రం గుమ్మం వైపే చాచి ఉంది.

"తీసుకోవే, చెయ్యి కాలుతోంది" అంది అత్తగారు, ఎవరూ లేని గుమ్మంతో.

కోడలు గబగబా కప్పు అందుకుంది. "అత్తయ్యా... ఎన్నాళ్ళయింది?"

అత్తగారు సోఫా చెయ్యి తడిమి పట్టుకుని నిలబడింది. "ఎడమది పోయి ఏడాది. కుడిది వెలుగూ నీడా చెబుతుంది, అంతే. పక్కింటావిడని తోడు తీసుకుని డాక్టరు దగ్గరికెళ్ళా. ఇక చేసేదేం లేదన్నాడు."

"మాతో ఒక్క మాట చెప్పద్దూ?"

"చెబితే వాడు నన్నో కుర్చీలో కూలేసి, కదలకమ్మా అంటాడు. ఈ ఇల్లు నా ఒంటికి తెలుసు, ఇక్కడ నా పనులు నేను చేసుకుంటున్నా. కొత్తిల్లు తెలీదు కదే. మొదటిరోజే గోడకి గుద్దుకున్నానంటే నా బతుకు ఆ కుర్చీలోనే. అందుకని నీ బొమ్మరింట్లో వేళ్ళతో నడుస్తున్నా. మంచం దిగి, అలమర పట్టుకుని, ఎడంపక్క తిరిగి... కంఠతా పట్టేశా. పట్టేసరికి నువ్వు మార్చేశావు. నా సంగతి నీకు తెలిసిపోయిందనుకున్నా. తెలిసే, నేను పడాలని మారుస్తున్నావనుకున్నా."

కోడలికి తల కొట్టేసినట్టయింది. పడాలని కాదు, పట్టుకోవాలని మార్చింది. ఆ రెంటికీ ఎంత తేడా ఉందో ఆ క్షణాన ఆవిడకే తెలియలేదు.

"హాల్లో కిటికీ ఎందుకడిగారు మరి?" అంది చివరికి.

"కిటికీ నాకెందుకే, చూడనా పెట్టనా? అక్కడ్నుంచి స్నానాలగదికి ఒకటే గోడ. మలుపు లేదు. లోపలి గది నుంచైతే రెండు మలుపులు. పోనీలే, ఓడిపోయాను కదా అని ఆ రెండు మలుపులే నేర్చుకుంటున్నా."

కోడలు బొమ్మరిల్లు తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టుకుంది. కిటికీ కింద తన పనిబల్ల బుజ్జిగా కూర్చుని ఉంది. సొరుగులు కూడా చెక్కింది దానికి. తియ్యాలంటే ప్రాణం ఉసూరుమంది, అబద్ధమెందుకు. పట్టకారుతో తీసి పక్కన పెట్టింది. మంచం తెచ్చి, కోళ్ళకి గమ్ రాసి, కిటికీ కింద నిలబెట్టి గట్టిగా అదిమింది.

"మరి నీ బల్ల?" అంది అత్తగారు, చప్పుడు విని.

"చూద్దాం లెండి. ముందు ఇది ఆరనివ్వండి, వేలు పెట్టకండి. ఇంక నేనేమీ మార్చనత్తయ్యా. ఒట్టు."

అత్తగారు తల ఊపింది గాని, నమ్మినట్టు లేదు. ఒళ్ళో చేతులు పెట్టుకుని చాలాసేపు ఓపిగ్గా కూర్చుంది. తర్వాత వేలు చాపి, బుల్లి మంచాన్ని వెతికి పట్టుకుని నెట్టింది. ఇంకాస్త గట్టిగా నెట్టింది. అది కదల్లేదు. అప్పుడు మొదటిసారి, ఆ గోడ వెంబడి నెమ్మదిగా వేలిని నడిపించుకుంటూ స్నానాలగది దాకా వెళ్ళింది.