పోగులు కోయని అచ్చు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా హైస్కూల్లో అటెండరు దగ్గర్నుంచి హెడ్మాస్టరు దాకా అందరూ అంటారు. అననివ్వండి. ఆ రోజు మాత్రం నా కోపం న్యాయమైనదే.

నా పేరు రూత్, తిరువూరులో సోషల్ టీచర్ని. మా ముందుగదిలో గోడకు ఒక అచ్చు వేలాడుతుంటుంది. మగ్గం మీద పోగులు బారులు తీరడానికి దువ్వెనలా సన్నటి పళ్ళుండేదే అచ్చు. దాని పళ్ళ సందుల్లో జానెడు పాత పోగులు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. మా అమ్మ చిట్టెమ్మకు తాత అయిన ఏసోబు ఆఖరి గుడ్డ నేసింది దాని మీదే.

చేనేత దినోత్సవానికి కాలేజీలో ఎగ్జిబిషన్ పెడుతున్నామని చరిత్ర లెక్చరరు శ్రీనాథ్ గారు దాని కోసం మా ఇంటికొచ్చారు.

"అంతరించిన వృత్తులు అని బోర్డు రాయించామండీ, దాని కింద పెడతాం. ఆ మాసిన పోగులు కత్తిరించేసి కాస్త పాలిష్ కొట్టిస్తే బాగుంటుంది" అన్నారు.

చిక్కుళ్ళు ఒలుస్తున్న అమ్మ చెయ్యి ఆగింది. "పోగుల మీద చెయ్యెయ్యమాకండి బాబూ. అవి ఉంటేనే వాటి కొసలకు కొత్త నూలు అతకొచ్చు. మళ్ళీ నేద్దామనే మా తాత వాటిని కొయ్యలేదు."

"మీ వాళ్ళు పొలం పనులు చేసేవాళ్ళు కదమ్మా, నేత ఎప్పుడు నేశారు?" అన్నారాయన, మామూలుగానే.

నాకు ఒళ్ళు మండింది. దొరల మిల్లు గుడ్డ ఓడల్లో వచ్చింది, మన మగ్గాలు మూలపడ్డాయి అని ఏటా పాఠం చెబుతాను. రెండు వాక్యాలు, రెండు మార్కులు. ఆ రెండు వాక్యాల్లో మా పేట కూడా ఉందని నా చేతిలోని పుస్తకం ఏనాడూ చెప్పలేదు. అమ్మ చెప్పింది. ఒకప్పుడు మా పేటలో ఇంటికో మగ్గం ఉండేదట. రైతులు కట్టే ముతక పంచెలు, కప్పుకునే దుప్పట్లు మా వాళ్ళ చేతివే. ఆ దొరల సీమ గుడ్డ బెజవాడలో రైలు దిగి సంతకు రావడం మొదలయ్యాక, నున్నగా ఉంది, చవగ్గా ఉంది అని జనం దాని వెంట పడ్డారు. ఆ తరవాత మన మిల్లులూ వచ్చాయి. మగ్గాల కర్రలు పొయ్యిలోకి పోయాయి, నేసిన చేతులు ఎ.కొండూరు చేలల్లో కూలికి పోయాయి. ఏసోబు తాత మగ్గం ఒక్కటే స్వరాజ్యం వచ్చాక కూడా కొన్నేళ్ళు ఆడింది. అది ఆగేనాటికి అమ్మకు తొమ్మిదేళ్ళు.

ఇదంతా ఆయన మొహం మీదే అనేశాను. అమ్మ నన్ను ఆపింది.

"ఇస్తాను బాబూ. ముందు దాని మీద ఒక గుడ్డ నేయించండి. తాత పోగులు తెగిపోతే మీ బోర్డు నిజమే, అప్పుడు కోసుకోండి. తెగకపోతే ఆ బోర్డు తీసెయ్యాలి."

శ్రీనాథ్ గారు సరేనన్నారు.

ఎగ్జిబిషన్‌కు ముందు రోజే అమ్మ, పాత పోగులు గట్టిపడాలని వాటికి పల్చగా గంజి పట్టించింది. కాలేజీ హాల్లో నేసి చూపించడానికి మంగళగిరి నుంచి మగ్గంతో వచ్చిన సురేష్ బాబు ఆ అచ్చును తిప్పి చూసి పెదవి విరిచాడు. "డెబ్బై ఏళ్ళ నూలమ్మా. లాగితే ఊడిపోద్ది."

"ముడేస్తే గట్టిగా ఉంటుందేమో" అన్నారు శ్రీనాథ్ గారు.

అమ్మ నవ్వింది. "ముడేస్తే పళ్ళ సందులో ఇరుక్కుంటది బాబూ. మెలెయ్యాలి."

పోగు జారకుండా పౌడరు డబ్బాలో తెచ్చుకున్న బూడిద వేళ్ళకు అద్దుకుని స్టూలు మీద కూర్చుంది. పాత పోగు, కొత్త పోగు పక్కపక్కన పెట్టి ఒక్క మెలి తిప్పి వదిలేస్తోంది. నాలుగొందల పోగులు. మా అమ్మ ఎనభయ్యేళ్ళ వేళ్ళు ఇంత చురుగ్గా కదలడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. వంట చేసినప్పుడూ చూడలేదు, మిరపకాయలు కోసినప్పుడూ చూడలేదు.

భోజనాల వేళకు అతకడం అయిపోయింది. సురేష్ బాబు పోగుల్ని మెల్లగా ముందుకు లాగాడు. ఒకటి తెగింది. ఇంకోటి తెగింది. నేను గుప్పిళ్ళు బిగించి లెక్కపెట్టాను, నాలుగొందల్లో తొమ్మిదే. మిగతా చోట్లన్నిటా తాత నూలు వెంట కొత్త పోగులు తెల్లగా, వరసగా అచ్చు దాటి ఇవతలికి వచ్చాయి. అమ్మ ఆ తొమ్మిదింటి చోటా కొత్త పోగులు ఎక్కించింది.

సురేష్ బాబు మగ్గం మీంచి లేచి నిలబడ్డాడు. "ఎవరి దగ్గర నేర్చుకున్నారమ్మా?"

"మా ఏసోబు తాత దగ్గర. నాకు నేయడం రాదయ్యా, అతకడమే వచ్చు."

"అతికేవాళ్ళు దొరక్కే మా ఊళ్ళో మగ్గాలు ఖాళీగా ఉంటున్నాయమ్మా" అన్నాడతను.

సాయంత్రానికి ఒక తువ్వాలు దిగింది. ముతకదే, కానీ ఎక్కడా చెయ్యి పెట్టి వంక చూపించలేం. శ్రీనాథ్ గారు కుర్చీ ఎక్కి తన బోర్డు తనే దించారు.

"ఇప్పుడు ఏమని రాయమంటారు చిట్టెమ్మగారూ?"

"ఏం రాస్తారో మీ ఇష్టం బాబూ" అంది అమ్మ, వేళ్ళకున్న బూడిద దులుపుకుంటూ. "దాన్ని గోడకు మేకులేసి బిగించమాకండి. ఎవరన్నా నేస్తామని వస్తే దించి ఇవ్వాలి."