ఇరవై రెండు శాతం

పెన్సిలుతోనే కదా రాశాను, తప్పయితే చెరిపేస్తాను, అయినా ఇంతవరకు చెరపాల్సిన పని పడలేదు, పదకొండు మందికి ఫోన్ చేయకముందే లేరు అని రాసుకున్నాను, పదకొండుసార్లూ అవతల ఎవరో ఏడుపు దిగమింగుకుని అవునన్నారు, ఇందులో మంత్రమేమీ లేదు, పంతొమ్మిదేళ్లుగా ఈ చీకటి గదిలో జనం ఛాతీల మీద జెల్లు రాసి, లోపలి గుండె కదలడాన్ని తెర మీద చూస్తున్నదాన్ని, రక్తనాళాలు పూడుకుపోయిన గుండె ఒక్కోసారి కొట్టుకున్నప్పుడు తనలోని రక్తంలో ఎంత వంతు బయటికి నెట్టగలుగుతోందో కొలిచి శాతాల్లో రాయడమే నా పని, అరవై ఉంటే ఫరవాలేదు, ముప్ఫైకి దిగితే ఆ మనిషి ముఖంకేసి చూడను, అడిగితే డాక్టరుగారు చెబుతారండీ అంటాను, ఏడాది గడిచాక వాళ్లలో ఎవరున్నారో ఎవరు లేరో కనుక్కోమని పెద్ద డాక్టరమ్మ నూట ఇరవై మంది జాబితా ఇచ్చింది, కొలతకీ బతుక్కీ పొంతన ఉందో లేదో చూడాలిట, ఉంది డాక్టరమ్మా, భయమేసేంతగా ఉంది.

నలభై ఏడో మనిషి దర్జీ, ఇరవై రెండు శాతం, ఆయన ముఖంకన్నా గుండే నాకు బాగా గుర్తు, సాగిపోయిన సంచిలా, ఒక పక్క గోడ అసలు కదలకుండా, పరీక్షయ్యాక చొక్కా గుండీలు పెట్టుకుంటూ నీ కోటు భుజం దగ్గర కుట్టు ఊడిందమ్మా, ఈసారి వచ్చినప్పుడు వేసిపెడతాను అన్నాడు, ఈసారా అనుకున్నాను నేను, ఇప్పుడు ఆయన పేరు పక్కనా లేరు అని రాసేసి నంబరు నొక్కాను, అవతల ఫోన్ మోగుతోంది, ఎనిమిది, తొమ్మిది, పోయినవాళ్ల ఫోన్ తీయడానికి ఇంతసేపే పడుతుంది, ఏ అలమరలోంచో వెతికి తీయాలి కదా, ఎత్తారు, ఊపిరి వినిపిస్తోంది, తర్వాత మగగొంతు హలో అంది, కొడుకై ఉంటాడు, నమస్కారమండీ, ఆసుపత్రి నుంచి మాట్లాడుతున్నాను, ఏమీ అనుకోకండి, నాన్నగారు ఎప్పుడు పోయారండీ, అనేశాను, ఉన్నారా అని కాదు, ఎప్పుడు పోయారని.

అవతల ఏదో ఆగింది, అప్పటిదాకా కుట్టుమిషను ఆడుతోందని అది ఆగాకే తెలిసింది, ఎవరమ్మా, అన్నాడు, నేనే మాట్లాడుతున్నాను.

క్షమించండి, నిరుడు మీ గుండె పరీక్ష చేసినదాన్ని, పొరబడ్డాను అన్నాను, ఆయన నవ్వాడు, ఇదిగో విన్నావా, గుండె పరీక్ష చేసినమ్మట, నేను పోయానంటోంది అని లోపలికి కేకేశాడు, లోపల ఒకావిడ కూడా నవ్వింది, భార్య కాబోలు, ఆ నవ్వు సగంలో తెగిపోయింది, చెప్పుల చప్పుడు దగ్గరికొచ్చింది, ఫోన్ ఆవిడ చేతిలోకి మారింది, తలుపు మూసుకుంది, ఏం చూశావమ్మా ఆ రోజు, అంది మెల్లగా, ఆయనకి వినపడదులే, నాతో చెప్పు, ఇరవై రెండమ్మా అన్నాను, ఆ అంకె డాక్టరు చెప్పాడు, మందులు వేళ తప్పకుండా వేస్తున్నాను, ఉప్పు తగ్గించాను, అంకె కాదు, నువ్వేం చూశావో చెప్పు, నేను చూసిందేమీ లేదమ్మా, పోయి ఉంటారని అనుకున్నాను, అంతే అన్నాను, అనుకున్నావా, అంది, మేం అనుకోవట్లేదమ్మా, అని పెట్టేసింది.

లేరు అన్న మాట చెరిపి ఉన్నారు అని రాశాను, రబ్బరు ఎంత రుద్దినా కింద పాత అక్షరాల నొక్కు తడుముతుంటే వేలికి తెలుస్తూనే ఉంది, మిగతా డెబ్బై ముగ్గురికీ ఇంకెవరిచేతనైనా చేయించండి అని డాక్టరమ్మతో చెప్పాలి, ఎందుకని అడుగుతుంది, తీరిక లేదనొచ్చు, ఒంట్లో బాగాలేదనొచ్చు, పరధ్యానంలో అలా అడిగేశానని, తలుచుకుంటే సిగ్గుగా ఉందని కూడా చెప్పొచ్చు, అదీ నిజమే, కానీ సిగ్గు తర్వాత వచ్చింది, దానికన్నా ముందు, నేనే అని ఆయన అన్న క్షణంలో, నాలో ఇంకేదో చటుక్కున తల ఎత్తింది, అదేమిటో ఇప్పుడు తెలుస్తోంది, ఒక మనిషి బతికి ఉన్నందుకు నాకు చిరాకేసింది.