గురువారం దాకా ఆగని పాలు

నేను ఒక వెండి ఉగ్గుగిన్నెను. అరచేతిలో ఇమిడిపోతాను, పక్కన చిన్న కొమ్ము ఉంటుంది. అత్తిలిలో ఒక కంసాలి ఆదిలక్ష్మి తల్లి కాళ్ళ కడియాలు కరిగించి నన్ను చేశాడు. కడియాలుగా ఉన్నప్పుడు ఊరంతా తిరిగాను. గిన్నెనయ్యాక పసిపిల్లల నోళ్ళే నా లోకం. ఆదిలక్ష్మికి ఉగ్గు పట్టాను, ఆమె కూతురు ప్రభావతికీ పట్టాను. ప్రభావతి సగం మింగి సగం నా మీదే ఉమ్మేది. నేనేమీ అనుకోలేదు.

ఇరవై రెండో ఏట ప్రభావతికి మనసు జబ్బు చేసింది. ఎవరో తిడుతున్నట్టు వినపడేది. మాత్రలతో తగ్గింది, పెళ్ళయింది. కడుపుతో ఉన్నప్పుడు కూడా డాక్టరు చెప్పినట్టు ఒక్క పూట మాత్ర మానలేదు. ఒక శుక్రవారం ఆసుపత్రిలో ఆపరేషను చేసి ఆడపిల్లను తీశారు. ఆదిలక్ష్మి నన్ను నీళ్ళలో మరిగించి, కొంగున ముడేసుకుని తెచ్చింది.

నర్సు సుగుణమ్మ చెడ్డ మనిషి కాదు. పక్క మంచం మీది బాలింతకు బిడ్డను రొమ్ముకు ఎలా పట్టాలో గంటసేపు ఓపిగ్గా నేర్పింది. ప్రభావతి మంచం దగ్గరకొచ్చి, కేసు షీటులో మందు పేరు చదివి, బిడ్డను తీసి ఆదిలక్ష్మి ఒళ్ళో పెట్టింది.

“మెంటలు మందులమ్మా, పాలల్లోకి దిగుతాయి. డబ్బా పాలు పట్టండి.”

“ఎవరినన్నా అడిగి చెప్పండి సిస్టరు గారూ. ఇవ్వొచ్చంటే ఇత్తాను,” అంది ప్రభావతి.

సుగుణమ్మేమో, కాన్పుల డాక్టరమ్మ చెప్పాలంది. డాక్టరమ్మేమో, మనసు జబ్బుల డాక్టరు చెప్పాలంది, ఆయన వచ్చేది గురువారాలు. ఫోన్లు అందరి దగ్గరా ఉన్నాయి. బిడ్డ మీద బెంగా అందరికీ ఉంది. ఒక్క ఫోను చేసే పని మాత్రం ఎవరిదీ కాలేదు.

అలా నాలో డబ్బా పాలు పోశారు. సోమవారానికి ప్రభావతి రొమ్ములు రాయిలా గట్టిపడ్డాయి. పిండుకోవడానికి ఆదిలక్ష్మి నన్నే ఇచ్చింది. అప్పుడే పిండిన వెచ్చటి పాలు నా అంచుదాకా వచ్చాయి. పక్కనే బిడ్డ గుక్కపెట్టి ఏడుస్తోంది. ఆదిలక్ష్మి ఆ పాలు తీసుకెళ్ళి, ఎవరూ తొక్కని చోట, గోడవార కరివేపాకు మొక్క మొదట్లో పోసింది.

ప్రభావతి ఏడ్చింది. పక్క మంచం ఆవిడ ఏడిస్తే పచ్చి బాలింత కదా అన్నారు. ఈమె ఏడిస్తే జబ్బు తిరగబెడుతోందని షీటులో రాశారు. అది తెలిసి ఆమె ఏడుపు మింగేసింది. అప్పుడేమో బిడ్డంటే బెంగే లేదు చూడండి అనుకున్నారు. మనుషుల తక్కెడ నాకు ఎన్నటికీ అర్థం కాదు.

ఆ గురువారం డాక్టరు సెలవు. నొప్పి చూడలేక సుగుణమ్మే ఉపాయం చెప్పింది, మల్లెపూలు కట్టమని. మా వైపు పాలు ఎండగట్టాలంటే అదే వైద్యం. మామూలుగా బిడ్డ దక్కని తల్లికి కడతారు. ఆదిలక్ష్మి మూరలు మూరలుగా కొనుక్కొచ్చి, కూతురి రొమ్ములకు చుట్టి, గుడ్డతో బిగించి కట్టింది.

“నా పిల్ల బతికే ఉంది కదమ్మా,” అంది ప్రభావతి.

తరవాతి గురువారం డాక్టరు విజయసారథి వచ్చాడు. షీటు చదివాడు, బిడ్డను చూశాడు.

“ఈమె వాడే మాత్రకి పాలు మానక్కర్లేదే. బిడ్డని కనిపెట్టుకుని ఉంటే చాలు. నన్నెవరూ అడగలేదేంటి?”

సుగుణమ్మ తనే బిడ్డనెత్తి ప్రభావతి రొమ్ముకు పట్టింది, పక్క మంచానికి నేర్పినంత ఓపిగ్గా. కళ్ళు తుడుచుకుంటూ పట్టింది. కానీ రొమ్ము మెత్తగా వేలాడింది. బిడ్డ రెండుసార్లు నోరు పెట్టి, పాలు రాక, మొహం తిప్పేసుకుని ఏడ్చింది. అలవాటు చేస్తే పాలు మళ్ళీ పడవచ్చు, రోజూ పట్టి చూడమన్నాడు డాక్టరు. ప్రభావతి గంటసేపు పట్టి చూసింది.

చివరికి ఆదిలక్ష్మి డబ్బా పాలు పోసి నన్ను తెచ్చి కొమ్ము పెదవికి ఆనించింది. బిడ్డ ఏడుపు ఆపి, నన్ను గుర్తుపట్టి, నోరు తెరిచింది. మూడు తరాలుగా పసినోటి కోసమే బతికినదాన్ని, ఆ పూట నేను పుట్టకపోయినా బాగుండేదనుకున్నాను.

ప్రభావతి రవిక హుక్కులు పెట్టుకుంది. చెయ్యి చాపింది.

“గిన్నె ఇటియ్యమ్మా. అదైనా నేనే పడతాను.”