మంగవ్వను ఎవరూ అడగని ప్రశ్న

ఎనభై ఆరులో, ఊరంతా పసుపు ఉడకబెట్టే రోజుల్లో, నీలవ్వ కాగితాల సంచీ భుజానికి తగిలించుకుని ఆర్మూర్‌లో బస్సు దిగింది. ఆమె పుట్టి పెరిగింది అక్కడే. తల్లి బీడీలు చుట్టి చదివిస్తే, హైదరాబాద్‌లో సోషల్ వర్క్ చెప్పే లెక్చరర్ అయింది. పిల్లల్ని దత్తత తెచ్చుకున్న కుటుంబాల మీద పీహెచ్‌డీ చేస్తోంది. జిల్లాలో వెతికి వెతికి నలభై ఇళ్లు పట్టుకుంది. అందులో పన్నెండో ఇల్లు భోజన్నది.

భోజన్న పొలం నుంచి ఇంకా రాలేదు. అతని భార్య మంగవ్వ వాకిట్లో ఉడికిన కొమ్ములు ఎండకు పరుస్తూనే నీలవ్వ అడిగిన అన్నింటికీ జవాబు చెప్పింది. ఐదేళ్ల గంగామణి తల్లి వీపు మీద వాలి వేలాడుతోంది. పిల్ల నీళ్లు తేవడానికి లోపలికి పోగానే నీలవ్వ గొంతు తగ్గించింది.

"పిల్లకు ఎప్పుడు చెప్పినవక్కా, సాదుకున్నమని?"

మంగవ్వ చేతులు ఆగిపోయాయి. "గది అడగకు చెల్లె."

"ఎందుకని?"

"అడగకంటే అడగకు. ఇంకోటి, నువ్వు గీ ముచ్చట ఎవ్వలకు చెప్పనని నా చేతిల చెయ్యెయ్యి."

నీలవ్వ ఆ పసుపు చేతిలో చెయ్యేసింది. తరువాత తన కాగితంలో 'చెప్పలేదు' అన్నచోట టిక్కు పెట్టుకుంది. పేర్లేవీ లేకుండా పీహెచ్‌డీ రాస్తూ, పిల్లల దగ్గర నిజం దాచే తల్లిదండ్రులకు ధైర్యం చాలదని రాసింది. అది పుస్తకంగా వచ్చి మంచి పేరు తెచ్చింది. ఢిల్లీలో, పూనాలో సభలకు పిలిచారు. దత్తతకు వచ్చే దంపతులకు, పిల్లకు ఐదేళ్లు నిండకముందే చెప్పెయ్యండని ఆమె గట్టిగా చెప్పేది. ఆమెకు పిల్లలు లేరు, పెళ్లి మీదికి మనసూ పోలేదు. ఆ నలభై ఇళ్ల సంగతులే ఆమె సంసారం.

తల్లిని చూడటానికి ఊరు వచ్చినప్పుడల్లా మంగవ్వ ఇంటికి పోయేది. పిల్ల ఆమెను చిన్నమ్మా అని పిలవడం మొదలుపెట్టింది. మంగవ్వ సొంత అక్క భీమ్‌గల్‌లో ఉంటుంది కానీ పిల్లను ఒక్కసారైనా అక్కడికి తీసుకుపోదు. పిల్ల కన్నతల్లిది భీమ్‌గల్ దిక్కని, పిల్లను తెచ్చుకున్న నిజామాబాద్ దవాఖానలో ఆయమ్మ నోరుజారి చెప్పిందట. ఈ సంగతి నీలవ్వకు భోజన్న చెప్పాడు.

తొంభై ఆరులో ఒక ఆదివారం గంగామణి నీలవ్వను బస్టాండు దాకా సాగనంపడానికి వచ్చింది. అప్పటికి పిల్ల పదో తరగతి.

"చిన్నమ్మా, నేను సాదుకున్న బిడ్డనని నాకెరుకే."

నీలవ్వ నడుస్తున్నదల్లా నిలబడిపోయింది. "ఎప్పట్నుంచి?"

"మూడో తరగతిల. కొట్లాటల ఒక పిల్ల అన్నది."

"అవ్వను అడగలే?"

"అడిగితే అవ్వ తట్టుకుంటదా? భీమ్‌గల్ బస్సు కనపడితేనే నన్ను పక్కకు గుంజుతది. నాకెరుకైందని తెలిస్తే నిద్ర పోదు. నువ్వు చెప్పకు, చిన్నమ్మా."

నీలవ్వ ఆ పిల్లకూ మాటిచ్చి హైదరాబాద్ బస్సెక్కింది. కిటికీ పక్కన కూర్చుందే గానీ కుదురు లేదు. ఎనిమిదేళ్ల పిల్ల తల్లి కోసం ఒక మాట మింగింది. ఏడేళ్లుగా మింగుతూనే ఉంది. తను నలభై మంది తల్లుల్ని ఎప్పుడు చెప్పారని అడిగింది. మీ భయమేమిటని ఒక్కరినీ అడగలేదు. పిల్లల దగ్గర అసలు కూర్చోనే లేదు. డిచ్‌పల్లిలో బస్సు ఆగగానే దిగి, ఎదురుగా వచ్చిన ఆర్మూర్ బస్సెక్కింది.

మంగవ్వ గుమ్మంలో ఆమెను చూసి గాబరా పడింది. "ఏమైంది చెల్లె, ఏమన్న మరిచినవా?"

"నీ గురించి తప్పు రాసిన అక్కా. నీకు ధైర్యం లేదని రాసిన. గప్పుడు అడగాల్సింది అడగలే. నీకు దేనికి భయం? పిల్ల పోతదనా?"

మంగవ్వ గడప మీద కూలబడింది. తల అడ్డంగా ఊపింది.

"పోతదని కాదు చెల్లె. నా బిడ్డ యాడికీ పోదు. 'కన్నామె నన్నెందుకు ఇడిసిపెట్టింది' అని అడిగితే ఏం చెప్పాలె? నాకే ఎరుక లేదాయె. బిడ్డకు అబద్ధం ఎట్ల చెప్పుదునే?"

పదేళ్లలో ఏ సభలోనూ ఎవరి నోటా నీలవ్వ ఆ మాట వినలేదు. "ఎరుక లేదనే చెప్పక్కా. గది అబద్ధం కాదు గదా."

మంగవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది. "అయితే జర నా పక్కన కూసో. ఇయ్యాల్నే చెప్త." గంగామణిని పిలిచి, రెండు చేతులూ పట్టుకుని, నేల చూపులు చూస్తూ అంది. "నిన్ను నేను కనలే బిడ్డా."

"నాకెరుకే అవ్వా."

మంగవ్వ తలెత్తి పిల్లను చూసింది, నీలవ్వను చూసింది, మళ్లీ పిల్లను చూసింది. "కన్నామె నిన్నెందుకిచ్చిందో నాకెరుక లేదు బిడ్డా. ఎన్నిసార్లు అడిగినా గంతే చెప్త."

"గది నేనడగ. నన్ను తెచ్చుకున్న నాడు ఏం చేసిన్రో గది చెప్పు."

మంగవ్వ అప్పుడు గొంతు విప్పింది. నిజామాబాద్ నుంచి బస్సులో వస్తుంటే వాన. మూడు నెలల పిల్ల ఒకటే ఏడుపు. భోజన్న తల రుమాలు విప్పి, బస్సు సీటుకు కట్టి ఊయల చేశాడు.

"సీటుకు కాదే, పైన కడ్డీకి," అన్నాడు భోజన్న, పశువుల కొట్టం దగ్గర్నుంచే. "కండక్టర్ లొల్లి పెట్టిండు. తర్వాత ఆయనే ఊపిండు."

గంగామణి పగలబడి నవ్వింది. నవ్వుతూనే తల్లి ఒడిలో మొహం దాచుకుంది. మంగవ్వ వీపు నిమురుతూ ఉండిపోయింది.

నీలవ్వ ఆ నలభై ఇళ్లకూ మళ్లీ తిరిగింది. నాలుగేళ్లు పట్టింది. ఈసారి పెద్దల్ని వాళ్ల భయమేమిటని అడిగింది. వాళ్లు సరేనన్న చోట, అప్పటికే సంగతి తెలిసిన పిల్లలతోనూ కూర్చుంది. మొదటి పుస్తకంలో తను చేసిన తప్పేమిటో రెండో పుస్తకం మొదటి పేజీల్లోనే రాసుకుంది. దానికి సభలూ సన్మానాలూ అంతగా రాలేదు. ఆమెకు మాత్రం అదే ఇష్టం.

గంగామణి నర్సు ట్రైనింగ్‌కు నిజామాబాద్ పోయి, హాస్టల్ నుంచి ఉత్తరాలు రాసేది. భోజన్న కూడబలుక్కుని చదివేవాడు. చివరిదాకా విన్నాక మంగవ్వ, "మళ్లా మొదటి నుంచి చదువు," అనేది.