ఐదో లైను ఉచితం

మా బావగారు చెడ్డవారు కాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. సగం చెప్పాక ఈ మాట అనడానికి నాకు నోరు రాదు.

బావగారంటే మా ఆయన అన్నగారు. రంగుల గోదాములో స్టోరుకీపరు. తాగుడు లేదు, పేకాట లేదు, ఒకరి మీద చాడీలు చెప్పే అలవాటు కూడా లేదు. ఉన్నదల్లా ఒకటే పిచ్చి, ఫోను బిల్లు తగ్గించడం. ఇంటికి ఎవరొచ్చినా మంచినీళ్ళ కన్నా ముందు "నువ్వే ప్లాన్లో ఉన్నావ్?" అని అడిగేవారు. వచ్చినవాళ్ళు ఏ ప్లాను పేరు చెప్పినా "అయ్యో, మోసపోయావయ్యా!" అని తల పట్టుకునేవారు. అందులో నటన లేదు. పరాయివాడి బిల్లు ఎక్కువైనా ఆయనకి ఆ పూట అన్నం సయించేది కాదు.

నాది తాళాల పని. వెనకాలే తలుపు పడిపోయి, తాళం పడి బయట నిలబడ్డవాళ్ళకి తలుపు తీసిపెట్టడం, తాళంచెవి పోగొట్టుకున్నవాళ్ళకి కొత్తది చేసివ్వడం. నాన్న నేర్పిన విద్య. పదహారో ఏట నుంచీ సంచీ మోస్తూ ఆయన వెంట మెట్లెక్కి దిగాను కాబట్టి అందరూ నన్ను 'తాళాలమ్మాయి' అనేవారు. ఇప్పుడు నలభై నాలుగేళ్ళు, మోకాళ్ళు పట్టేశాయి, సగం జుట్టు నెరిసింది, అయినా ఇంకా అమ్మాయినే.

ఈ పనికి దుకాణం అక్కర్లేదు, నంబరు కావాలి. నేను పనిలో కాస్త నిలదొక్కుకోగానే నాన్న స్టిక్కర్లు అచ్చు వేయించాడు. ఒక తాళంచెవి బొమ్మ, తాళాలమ్మాయి అన్న పేరు, కింద నా నంబరు. ఏ ఇంటి తలుపు తీసినా కాలింగ్ బెల్లు పైన ఒకటి అంటించి వచ్చేవాళ్ళం. "తలుపు పడ్డవాడు బయట ఉంటాడే పిచ్చిదానా, స్టిక్కరు లోపల అంటిస్తే ఎవడు చూస్తాడు?" అనేవాడు. ఏళ్ళ తరబడి అలా ఎన్ని తలుపులకి అంటించామో లెక్కలేదు. వాళ్ళ నంబర్లు నా దగ్గర ఉండవు. నా నంబరే వాళ్ళ తలుపుల మీద ఉంటుంది. నాన్న పోయేటప్పటికి నా పేర పొలం లేదు, ఇల్లు లేదు. ఆయన పనిముట్లూ ఆ నంబరూ ఉన్నాయి. నా కూతురు చదువుకుంటున్నా, ఇంట్లో రెండో పూట పొయ్యి వెలుగుతున్నా దాని చలవే. మా ఆయన స్కూలు బస్సు నడుపుతాడు. బడికి సెలవులిస్తే ఆయన జీతానికీ సెలవులే.

ఎనిమిదేళ్ళ కిందట ఒక రోజు బావగారు కాగితాలు పట్టుకుని మా ఇంటికొచ్చారు. చెప్పులు విడుస్తూనే మొదలుపెట్టారు.

"ఫ్యామిలీ ప్లానమ్మా. నాలుగు లైన్లుంటే ఐదోది ఉచితం. నేను, మీ అక్క, మా అమ్మాయి, మీ ఆయన. నలుగురం అయ్యాం. ఐదో లైను నువ్వు. నువ్వసలు ఏమీ కట్టక్కర్లేదు!"

మా అక్క అంటే మా తోడికోడలు. నేను కాగితం చూశాను. అన్ని లైన్లూ ఒకరి పేరు మీదే ఉండాలట.

"నంబరు మారదు కదా బావగారూ?" అన్నాను.

"నంబరెక్కడికి పోతుందమ్మా? పేరు మారుతుందంతే. అది కూడా కాగితం మీద."

సంతకం పెట్టాను. సంతోషంగానే పెట్టాను, ఎవరూ చెయ్యి పట్టుకుని పెట్టించలేదు. వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ "మారు తాళంచెవి ఎవరికీ ఇవ్వకండమ్మా, సొంత తమ్ముడైనా సరే" అని బుద్ధులు చెప్పే మనిషిని నేను. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని నాన్న వందసార్లు చెప్పాడు. నా ఒక్కదాని విషయానికొచ్చేసరికి ఉచితం అన్న మాట దగ్గర చెవులు మూసుకుపోయాయి.

ఆ ఉచితానికి అప్పుడప్పుడూ కప్పం కట్టేదాన్ని. ఆదివారం భోజనానికి వాళ్ళింటికి వెళితే బావగారు బిల్లు కాగితాలు తెచ్చి ఒక్కో ఫోను కాలూ చదివేవారు. "బుధవారం మధ్యాహ్నం నలభై నిమిషాలు. ఎవరమ్మా అంత రసవత్తరంగా?" అనేవారు. అందరూ నవ్వేవారు, నేనూ నవ్వేదాన్ని. ఆ నలభై నిమిషాలూ మా చెల్లెలు వాళ్ళాయన గురించి ఏడ్చిందని ఆ భోజనాల బల్ల దగ్గర ఎలా చెప్పను? చెల్లెలికి ఫోను చెయ్యడం తగ్గించుకున్నాను. పోనీలే, డబ్బులు మిగులుతున్నాయి కదా అనుకున్నాను.

ఈ ఏడు మొదట్లో ఒకాయన ఫోను చేశాడు. తేనె పూసిన గొంతు. వాళ్ళది పెద్ద తాళాల కంపెనీ అట, పాత తాళాలవాళ్ళ నంబర్లు కొంటున్నారట. "మీ స్టిక్కర్లు చాలా చోట్ల చూశామండీ" అన్నాడు. అమ్మనని చెప్పాను. అతను పెట్టెయ్యబోతూ, మాటవరసకి అన్నట్టు, "లైను మీ పేరు మీదే ఉందా అండీ?" అన్నాడు.

"మా బావగారి పేరు మీద ఉంది. ఐదో లైను ఉచితం కదా!" అన్నాను నేను. పైగా నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

రెండు నెలల తర్వాత ఒక ఆదివారం బావగారు మమ్మల్నందరినీ పిలిచారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. భోజనాలయ్యేదాకా ఏమీ చెప్పకుండా ఆపుకోవడానికి ఆయన పడుతున్న అవస్థ చూసి, వాళ్ళమ్మాయికి సంబంధం కుదిరిందేమో అనుకున్నాం.

"రెండేళ్ళు!" అన్నారు చెయ్యి కడుక్కుని వచ్చి. "రెండేళ్ళపాటు మన ఐదు లైన్ల బిల్లూ వేరేవాళ్ళు కడతారు. మనం చిల్లిగవ్వ కట్టక్కర్లేదు. ఈ ఊళ్ళో ఎవడికైనా దొరికిందా ఇలాంటి ఆఫరు?"

అక్క చప్పట్లు కొట్టింది. మా ఆయన కూడా కొట్టాడు.

"ఎవరు కడతారు?" అన్నాను నేను.

"తాళాల కంపెనీ వాళ్ళమ్మా. నీ నంబరు కావాలన్నారు. నీకేం భయం లేదు, కొత్త నంబరిస్తారు. చివర మూడు సున్నాలు! బయట కొనాలంటే ఎంతవుతుందో తెలుసా? అది కూడా ఉచితమే."

"పిన్నీ, ఆ ఫ్యాన్సీ నంబరు నాకిచ్చెయ్యవా?" అంది వాళ్ళమ్మాయి.

"వాళ్ళకి ఏమని చెప్పారు?" అన్నాను.

"చెప్పడమేంటి, శుక్రవారమే సంతకం పెట్టేశాను. రేపు పొద్దున్నుంచి వాళ్ళదే."

అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటే ఇదే. నేను లేచి నిలబడ్డాను. "అది నా నంబరు బావగారూ! మా నాన్న ఊరంతా తిరిగి అంటించిన నంబరు. అదే నా దుకాణం. మీరు నా దుకాణం అమ్మేశారు" అని అరిచాను. అరిచానని ఒప్పుకుంటున్నాను. ఆ ఇంట్లో ఇరవై ఏళ్ళలో అదే మొదటిసారి.

ఆయన మొహం చిన్నబోయింది. కోపం కాదు, అర్థం కాకపోవడం. "నంబరంటే ఏముందమ్మా, కాసిని అంకెలు. ఆ అంకెలు కాకపోతే వేరే అంకెలు. నేనేమైనా జేబులో వేసుకున్నానా? లాభం అందరికీ పంచాను" అన్నారు. నిజమే, పంచారు. అందుకే ఆయన్ని తిట్టడానికి నాకు సరైన తిట్టు దొరకలేదు.

ఇంటికి నడిచి వస్తుంటే మా ఆయన, "అన్నయ్య ఒక మాట అడిగుండాల్సింది. అయినా పని నీ చేతుల్లో ఉంది కదా, నంబర్లో ఉందా?" అన్నాడు. నన్ను ఓదారుస్తున్నానని అనుకున్నాడు. ఆ క్షణాన బావగారి మీద కన్నా ఆయన మీదే నాకు ఎక్కువ అసహ్యం వేసింది.

మర్నాడు తెరవకముందే ఫోను ఆఫీసు ముందు నిలబడ్డాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, తెలుసు. కౌంటరులో అమ్మాయి ఓపికగానే విన్నది. కంప్యూటరు నావైపు తిప్పింది. ఎనిమిదేళ్ళ కిందటి కాగితం, కింద నా సంతకం. చివర గీత కూడా గీశాను, ఎంత హుషారుగా పెట్టానో.

"ఓనరు ఆయనేనండి. ఆయన ఇష్టంతో ఇచ్చారు. మేం చెయ్యగలిగిందేం లేదండి" అంది.

ఆమె మాట్లాడుతుండగానే నా ఫోన్లో సిగ్నలు పోయింది. ఆ అమ్మాయి ఫోను అడిగి తీసుకుని నా నంబరుకి నేనే చేశాను. ఒక్క రింగుకే ఎత్తారు. "తాళాలమ్మాయి సేవకి స్వాగతం. తలుపు పడిపోయిందా? అయితే ఒకటి నొక్కండి" అని మిషను గొంతు. స్టిక్కర్ల మీద నా పేరుంది కదా, అందుకని పేరు కూడా ఉంచుకున్నారు.

మూడు సున్నాల నంబరు నేను తీసుకోలేదు. నా పేరు మీద, పూర్తి బిల్లు కట్టుకునే లైను ఒకటి తీసుకున్నాను. బావగారికి నంబరు గొడవ కన్నా అదే పెద్ద అవమానం అయింది. "కాళ్ళ దగ్గరికొచ్చిన దాన్ని కాలదన్నుకుంటుంది. ఐదో లైను ఊరికే పడుంది" అని అందరితోనూ చెప్పుకున్నారట.

కొత్త ఫోను మోగదు. వారానికోసారి చెల్లెలు చేస్తుంది. ఇప్పుడు ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు, చదివేవాళ్ళు లేరు. కానీ మాట్లాడుతున్నంతసేపూ, ఈ లోపల ఏదైనా పని ఫోనొచ్చి తిరిగిపోతుందేమోనని నాకు దడ. తొందరగా పెట్టేస్తున్నానని చెల్లెలు నొచ్చుకుంది. కూతురు చదువు సగంలో ఉంది. ఇంట్లో ఫీజు మాట ఎవరూ ఎత్తడం లేదు, ఎత్తకపోవడంలోనే తెలుస్తోంది.

కొత్త స్టిక్కర్లు వేయించాను. గుర్తున్న వీధులన్నీ మళ్ళీ పట్టాను. ప్రతి మెట్టూ ఎక్కి, ప్రతి పాత స్టిక్కరు మీదా కొత్తది అంటించుకుంటూ రావడం. లిఫ్టు లేని భవనాలే ఎక్కువ. నాన్న ఉన్నప్పుడు పని చేసి, మెప్పు పొంది, ఆ తర్వాత అంటించేవాళ్ళం. ఇప్పుడు ఎవరూ చూడకుండా దొంగలా అంటిస్తున్నాను.

నిన్న రైల్వే గేటు పక్క భవనంలో నాలుగో అంతస్తుకి వెళ్ళాను. అక్కడ ఒక లెక్కల టీచరమ్మ ఉంటారు, రిటైరయ్యారు. ఒంటరి మనిషి, మతిమరుపు. నా చేత్తో ఐదుసార్లు తీశాను ఆ తలుపు, ఒక్క గీత పడకుండా. ప్రతిసారీ కాఫీ ఇచ్చి గానీ పంపేవారు కాదు. నేను స్టిక్కరు అంటిస్తుంటే చప్పుడుకి తలుపు తీశారు. గొలుసు తియ్యలేదు.

"మళ్ళీ వచ్చావా? సిగ్గులేదూ నీకు?" అన్నారు.

అప్పుడు చూశాను. పాత తాళం లేదు. దాని చోట తలుపు చెక్క పిడికిలంత మేర పెచ్చులూడి ఉంది, అందులో కొత్త తాళం వంకరగా బిగించి ఉంది. డ్రిల్లు పెట్టారు. గోటితో పోయేదానికి గొడ్డలి వాడేవాళ్ళని చూస్తే నాన్న తిట్టే తిట్లు నాకు వరసగా గుర్తొచ్చాయి.

"పోయిన నెల చెత్త పడేసి వచ్చేసరికి తలుపు పడిపోయింది. స్టవ్ మీద పాలున్నాయి. నీకే చేశాను. ఇద్దరు మగాళ్ళొచ్చారు. తాళాలమ్మాయి ఏదంటే మేమేనన్నారు. ఇంత పెంట చేసి, నా పెన్షన్లో సగం పట్టుకుపోయారు. పోనీ నువ్వొస్తే అడుగుదామని చూస్తున్నా."

"ఆ నంబరు ఇప్పుడు నాది కాదండీ. ఆ కంపెనీ వాళ్ళది."

"వాళ్ళకెలా వెళ్ళింది? ఎంతకమ్మావ్?"

"అమ్మలేదండీ."

"మరి ఊరికే ఇచ్చేశావా?"

బావగారి పేరు చెప్పచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆవిడ లెక్కల టీచరు, మొదటి మెట్టు ఎక్కడని అడుగుతారు. మొదటి మెట్టు మీద ఉన్నది నా సంతకం.

"ఊరికే కాదండీ. ఫోను బిల్లు తగ్గుతుందంటే పేరు మార్పించాను" అన్నాను.

"ఎంత తగ్గింది?"

చెప్పాను. నెలకి ఎంతో, ఉన్నదున్నట్టు చెప్పాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు. నవ్వుతారేమో అనుకున్నాను, నవ్వలేదు. "అంటే మా తలుపులన్నీ నీకు అంతే అన్నమాట" అన్నారు.

గొలుసు సందులోంచి చెయ్యి బయటికి పెట్టి, నేనప్పుడే అంటించిన కొత్త స్టిక్కరూ దాని కిందున్న పాతదీ కలిపి గోటితో పీకి, నా చేతిలో పెట్టారు. తలుపేసుకున్నారు. లోపల తాళం రెండుసార్లు తిరిగిన చప్పుడైంది. ఆ చప్పుడుతోనే తెలిసిపోయింది, అది నాసిరకం తాళం. ఎవడైనా చిన్న కమ్మీ పెట్టి అర నిమిషంలో తీసేస్తాడు. ఆవిడ ఒంటరి మనిషి. ఆ మాట చెప్పాలి.

బెల్లు కొట్టాను. "నీ స్టిక్కరు ఇంకెవరి తలుపుకైనా అంటించుకో, ఫో" అన్నారు లోపల్నించి.

"తాళం గురించండీ, అది మంచిది కాదు, మార్పించుకోండి" అన్నాను తలుపు దగ్గరగా.

"ఇంకో తాళం అమ్ముతావా ఇప్పుడు?" అన్నారావిడ.

ఇంకా రెండు అంతస్తులు మిగిలి ఉన్నాయి. ఎక్కలేదు.